రెండు లైన్ల డయల్

"రిటైరైనవాళ్ళు రాసుకోవాల్సినవి నువ్వు రాయడమేంట్రా?" అని మా అక్క ఫోన్లో ఒకటే నవ్వు. నాకింకా ముప్పై నిండలేదు, నిజమే. కానీ పాత వాచీల పని నుంచి మాత్రం ఖాయంగా రిటైరయ్యా. మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోను. కొత్తగా ఈ లైన్లోకి దిగుతున్న తమ్ముళ్ళు ఇప్పటికీ ఫోన్ చేసి, "అన్నా, డయల్ ఒరిజినలో కాదో ఎలా తెలుస్తుంది?" అని అడుగుతుంటారు. చెప్తా. తెలిశాక ఏమవుతుందో కూడా చెప్తా. అది మాత్రం ఎవరూ అడగరు.

నేను హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాణ్ణి. మా సారు పాత డైవింగ్ వాచీలు కొని బయటి దేశాల్లో కలెక్టర్లకి అమ్మేవాడు. డైవింగ్ వాచీ అంటే నీళ్ళలో మునిగేవాళ్ళ కోసం చేసింది. మందపాటి కేసు, చుట్టూ తిప్పుకునే రింగు, చీకట్లో మెరిసే గుర్తులు. నన్ను రాజమండ్రిలో పెడతానన్నప్పుడు, "వరిచేలల్లో డైవింగ్ వాచీలేంటి సార్?" అని ఎగిరా. "కాకినాడలో ఓడలు దిగేవాళ్ళున్నారు, సముద్రంలో గ్యాస్ రిగ్గుల మీద పనిచేసేవాళ్ళున్నారు, వంతెనలు కట్టేటప్పుడు గోదాట్లో మునిగేవాళ్ళున్నారు. అరవకుండా వెళ్ళు" అన్నాడు. వెళ్ళా.

మెయిన్ రోడ్డు వెనక సందులో ఒక వాచీ రిపేరు షాపు. యజమాని అరవై దాటినాయన. అందరూ మాస్టారంటారు, నేనూ అదే అన్నా. ఆయన కౌంటరు పక్కన నాకో చిన్న బల్ల ఇచ్చాడు. నా పని వాచీలు బాగుచెయ్యడం కాదు. డయల్‌ని అనుమానించడం.

ఒకే కంపెనీ, ఒకే మోడల్. అయినా ఏళ్ళు మారేకొద్దీ డయల్ మీద రాత మారిపోతుంది. ఎంత లోతు తట్టుకుంటుందో కొన్నిటి మీద ముందు మీటర్లలో రాసి తర్వాత అడుగుల్లో రాస్తారు, కొన్నిటి మీద అటుదిటు. కొన్నిటికి కింది సగంలో రెండే లైన్లుంటాయి. కొన్నిటికి నాలుగు. టైం కచ్చితంగా చూపిస్తుందని పరీక్ష పాసైన వాచీ అయితే ఆ మాట రాయడానికి ఇంకో రెండు లైన్లు పడతాయన్నమాట. మెరుపు రంగు పాతబడితే మీగడ రంగులోకి తిరగాలి, ముళ్ళ మీద కూడా అదే రంగుండాలి. ఎవరైనా మళ్ళీ పెయింట్ చేయించిన డయల్ అయితే అక్షరాలు భూతద్దంలో లావుగా, అంచులు చెదిరి కనిపిస్తాయి. డయల్ మరీ కొత్తగా ఉంటే అనుమానించు, మరీ పాతగా ఉంటే ఇంకా ఎక్కువ అనుమానించు. సారు నాకు నేర్పింది ఇదే.

ఇది వాచీలతో ఆగదు. కొన్నాళ్ళకి పెసరట్టు వేసినవాణ్ణి కూడా పెసలు ఒరిజినలేనా అన్నట్టు చూడ్డం మొదలుపెట్టా. మాస్టారు నవ్వేవాడు. "అనుమానించినందుకు జీతమిచ్చే ఉద్యోగం ఇదొక్కటేనండి బాబూ. మా ఆవిడకి తెలియనివ్వకండి, అప్లికేషను పెట్టేస్తుంది."

ఒకరోజు నరసాపురం వైపు తిరిగే బ్రోకరు ఓ వాచీ తెచ్చాడు. చూడగానే భూతద్దం అందుకున్నా. రెండు లైన్ల డయల్. నల్లటి డయల్ మీద అక్షరాలు సన్నగా, శుభ్రంగా ఉన్నాయి. గుర్తులూ ముళ్ళూ ఒకే మీగడ రంగు. అన్నీ సరిగ్గా ఉన్నాయి, ఒక్కటి తప్ప. నాలుగు గుర్తు పక్కన ఎవడో పుల్లతో పెట్టినట్టు మెరుపు రంగు చుక్క, పెద్ద ఆవగింజంత.

"ఎవడండీ ఈ దరిద్రప్పని చేసింది?" అని అరిచా.

మాస్టారు కళ్ళజోడు పైకి తోసి చూశాడు. "నేను మాత్రం కాదండోయ్. దిష్టిచుక్కేమో."

"బంగారంలాంటి డయల్‌కి దిష్టిచుక్కా?"

"బంగారానికే కదండీ దిష్టి."

తిట్టుకుంటూనే వాచీ తీసుకున్నా. సారుకి ఫోన్ చేస్తే, "పంపు, ఇక్కడ గోకించేద్దాం" అన్నాడు. పంపే ముందు, ఇలాంటిది ఇంకోటి దొరుకుతుందేమోనని ఫోన్‌తో ఫోటో తీసుకుని పొద్దున్నే నరసాపురం రైలెక్కా. అది నా పద్ధతి. రేవులో గోదారి దాటించే పంటు కోసం నిలబడ్డ జనానికి ఫోన్ చూపిస్తూ, "ఇలాంటిది ఎవరి దగ్గరైనా ఉందా?" అని అడుగుతూ తిరగడం. కెమెరా ఫోన్ అప్పుడు కొత్త కదా, వాచీ కోసం కాకపోయినా ఫోన్ కోసమైనా చుట్టూ మూగేవాళ్ళు.

అలా మూగినవాళ్ళలో ఒకావిడ, నాకంటే పదేళ్ళు పెద్దదేమో, చేతిలో లేసు అల్లుతూ నిలబడింది. ఫోన్ చూసి అల్లిక ఆపేసింది.

"ఇదెక్కడిదండీ?"

"అమ్మకానికొచ్చింది."

"ఎవరమ్మారు?"

"అది చెప్పం."

"ఇది మా ఆయన వాచీ అండి. నాలుగు దగ్గర చుక్క చూడండి."

"చుక్క ఫోటోలోనే కనిపిస్తోంది కదా. ఎవరైనా చెప్తారు."

"చూసి చెప్పాననా మీ అనుమానం?"

"నేననలేదు. అనుకుంటున్నానంతే."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "ఏ ఊరు బాబూ నీది?"

"హైదరాబాద్."

"అదే అనుకున్నా. మర్యాద రైల్లో మర్చిపోయి దిగినట్టున్నావ్."

ఆ తర్వాత రేవు మెట్ల మీద కూర్చోబెట్టి సంగతంతా చెప్పింది. వాళ్ళాయన ఓ కాంట్రాక్టరు దగ్గర డైవరు. గోదారి పాయ మీద వంతెన కడుతుంటే స్తంభాల మొదట్లో ఇసక ఎంత కోసుకుపోయిందో మునిగి, తడిమి చూసి చెప్పాలి. మూడేళ్ళ కింద ఓ రోజు దిగినవాడు పైకి రాలేదు. తాడు ఖాళీగా వచ్చింది. తెగలేదు, ముడి విప్పి ఉంది. మర్నాడే వరద ఎర్రనీళ్ళు వచ్చేశాయి, ఇక వెతకడం కుదరలేదు. మనిషి దొరకలేదు. ముడి విప్పి ఉందంటే ఈదుకుంటూ అవతలి ఒడ్డుకి పోయుంటాడని కొందరన్నారు. ముందు రోజే ఇంట్లో పెద్ద గొడవైందట. యానాంలో చూశామని కూడా ఎవరో అన్నారు.

"ఆ వాచీ చేతికి పెట్టుకునే వెళ్ళాడు. ఆయన్తోపాటే పోయింది. ఇప్పుడది అమ్మకానికొచ్చిందంటే ఆయనే అమ్మి ఉండాలి కదా? మా అత్తారు ఈ ఆదివారం ఆదరణ కూడిక పెట్టారు. పోయినవాళ్ళ కోసం పెట్టే ప్రార్థన. పాస్టరు గారికి చెప్పేశారు, కుర్చీలకి చెప్పేశారు. మనిషి బతికుండగా ఆ కూడికలో నేనెలా కూర్చోను? అది ఆయన వాచీయో కాదో చెప్పు, చాలు."

నేను నమ్మలేదు. అమ్మకానికొచ్చిన వాచీ మాదేనంటూ ఎవరో ఒకరు రావడం ఈ పనిలో మామూలే. అక్కణ్ణుంచే సారుకి ఫోన్ చేశా. "ఏడుస్తారు, నమ్మిస్తారు, పట్టుకుపోతారు. చేతికివ్వకు" అన్నాడు. ఆవిడ ఏడవలేదని చెప్పాలనిపించింది. ఎందుకో చెప్పలేదు. "వాచీతో ఆయన దిగిన ఫోటో ఉంటే రాజమండ్రి తీసుకురండి" అని ఆవిడతో అని వచ్చేశా. రాదనుకున్నా.

మర్నాడు షాపు తెరిచేసరికి మెట్ల మీద కూర్చుని లేసు అల్లుకుంటోంది.

ఫోటో వాళ్ళ పాప బాప్తిస్మం నాటిది. ఆయన పాపని ఎత్తుకుని నిలబడ్డాడు. పాప వీపు మీద చెయ్యి, ఆ చేతికి వాచీ. నెగెటివ్ కూడా తెచ్చింది, దారపుండల డబ్బాలో భద్రంగా పెట్టుకుని. ఫోటోలో నాలుగు దగ్గర చుక్క కనిపిస్తూనే ఉంది. నా అనుమానం కాస్త వెనక్కి తగ్గబోయింది.

"ఇలాంటిదే ఇంకోటుంది బాబూ," అంది తనే. "ఆయన తోటి డైవరుది. ఇద్దరూ కాకినాడలో ఒకే ఓడమనిషి దగ్గర కొన్నారు. చుక్క కూడా ఇద్దరూ కలిసే పెట్టించుకున్నారు."

"చుక్క ఎందుకు?"

"పనికేదో కావాలన్నారు. పని సంగతులు ఇంట్లో చెప్పేవారు కాదు."

అంటే చుక్కతో తేలేది ఏమీ లేదు. తోటి డైవరు తన వాచీ తనే అమ్ముకుని ఉండొచ్చు. ఆ మాటే అన్నా.

"ఆ అన్నయ్య వాచీ ఆ అన్నయ్య చేతికే ఉంది. మొన్న చర్చిలో చూశాను."

"దూరం నుంచి అన్నీ ఒకలాగే కనిపిస్తాయండీ."

మాస్టారు పని ఆపకుండానే అన్నాడు. "ఆవిడ అబద్ధం చెప్తోందంటారా బాబూ?"

"అబద్ధం కాకపోతే ఇంత దూరం ఎందుకొస్తుంది?"

"నిజం చెప్పడానిక్కూడా జనం అప్పుడప్పుడు బస్సెక్కుతారండి."

నెగెటివ్ తీసుకుని పక్క వీధి స్టూడియోకి వెళ్ళా. చెయ్యి ఒక్కటే పెద్దది చేసి ప్రింటు వెయ్యమన్నా. "మొహం వద్దా సార్?" అని వాడికి ఒకటే ఆశ్చర్యం. మధ్యాహ్నానికి ప్రింటు చేతికొచ్చింది. గరగరగా, మసగ్గా ఉంది. అక్షరాలు చదవడం కుదరదు. కానీ చదవక్కర్లేదు, లెక్కపెడితే చాలు. కంపెనీ పేరు పైన ఉంది. కింది సగంలో తెల్లటి గీతల్లా రెండే లైన్లు. నాలుగైతే ఆ చోటంతా తెల్లగా నిండిపోయేది. పక్కన వాచీ పెట్టి చూశా. మాస్టారికి చూపించా. తల తిప్పి మళ్ళీ చూశా. అవే రెండు లైన్లు, అదే చుక్క, చుక్క కాస్త ఎడమకి జరిగి ఉండటం కూడా అలాగే ఉంది.

"మీదేనక్కా" అన్నా. అక్కా అని నాకు తెలీకుండానే వచ్చేసింది.

వాచీ కోసం చెయ్యి చాపుతుందని చూశా. చాపలేదు. నవ్వింది. సందులో పోయేవాళ్ళు ఆగి చూసేంత గట్టిగా నవ్వింది. "అయితే బతికే ఉన్నాడు దొంగ సచ్చినోడు! నన్నొదిలేసి ఎక్కడో సుఖంగా ఉన్నాడు!" కళ్ళెంట నీళ్ళు కారుతున్నాయి, ఇంకా నవ్వుతూనే ఉంది. అప్పటికి గానీ నాకు బుర్రకెక్కలేదు. ఆవిడకి కావాల్సింది వాచీ కాదు. పోయినవాడి కంటే పారిపోయినవాడే మేలనుకుని వచ్చింది.

"వాచీ నువ్వే ఉంచుకో తమ్ముడూ. అమ్మినోణ్ణి చూపించు. ఆదివారంలోపు చూపించు."

బ్రోకరుకి ఫోన్ చేశా. "ఎవరో యానాం ఆయనండి, పేరు గుర్తులేదండి" అని నసిగాడు. గొంతు మారిందంటే నాకు అనుమానం పుడుతుంది. ఓ రాయేసి చూశా. "అమ్మినాయన దగ్గర ఇలాంటిదే ఇంకోటుందట కదా? అదీ కొంటాం, మనిషిని తీసుకురా."

"ఆయ్, ఉందండి! మీకెలా తెలుసండీ?"

ఇలాంటిదే రెండోది ఉన్నవాడు ఒక్కడే. తోటి డైవరు. విప్పిన ముడి, దొరకని మనిషి, మూడేళ్ళ తర్వాత అమ్మకానికొచ్చిన వాచీ. నా బుర్రలో కేసు మొత్తం అల్లేసుకున్నా. వీడే ఏదో చేశాడు. ఆవిడకి మాత్రం సగమే చెప్పా. "అమ్మినతను శుక్రవారం వస్తాడు, మీరూ రండి." ముందే చెప్తే ఆవిడ వాణ్ణి నిలదీస్తుంది, వాడు జాగ్రత్తపడతాడు అనుకున్నా.

శుక్రవారం ఆవిడ కొత్త చీర కట్టుకుని వచ్చింది. తల్లో కనకాంబరాలు.

"రానీ, చెప్పుచ్చుకు కొడతా" అంటోంది. మళ్ళీ షోకేసు అద్దంలో జడ సరిచేసుకుంటోంది. అది చూసి మాస్టారు నా వైపు చూశాడు. నేను ఫోన్ వైపు చూసుకున్నా.

బ్రోకరు వెనకాలే సన్నగా, పొడుగ్గా ఓ మనిషి వచ్చాడు. ఆవిడ అతన్ని చూసింది. అతని భుజం మీంచి వీధిలోకి చూసింది. ఇంకెవరూ లేరు.

"నువ్వెందుకొచ్చావన్నయ్యా? ఆయనేరి?"

ఆ మనిషి గుమ్మంలోనే ఆగిపోయాడు. బ్రోకరు వాతావరణం పసిగట్టి వెనక్కి వెనక్కి జరిగి సందులోకి జారుకున్నాడు.

నేను ముందు చూసింది అతని మొహం కాదు, మణికట్టు. నాలుగు లైన్లు. నాలుగు దగ్గర చుక్క. ఇక ఏ సందేహం లేదు. రెండు లైన్లది పోయినాయనది, నాలుగు లైన్లది ఇతనిది. లేచి కాలరు పట్టుకున్నా.

"ఆయన చేతి వాచీ నీ దగ్గరికెలా వచ్చింది? తాడు విప్పింది నువ్వే కదా?"

"బాబూ, చెయ్యి తియ్యండి," అన్నాడు మాస్టారు. ఆయన గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకప్పటిదాకా తెలీదు. "ఇది షాపండి."

ఆ మనిషి నన్ను తొయ్యలేదు, విదిలించుకోలేదు. నేను పట్టుకున్నట్టే తెలీనివాడిలా ఆవిడతోనే మాట్లాడాడు.

"చేతికి పెట్టుకుని దిగలేదు చెల్లెమ్మా. ఎప్పుడూ దిగడు. ఎవరం దిగం."

"మరి?"

"కింద అంతా బురద, చీకటి. మొహం ముందు పెట్టుకున్నా వాచీ కనపడదు. మునిగేవాడికెందుకు? పైన తాడు పట్టుకున్నోడికే కావాలి. దిగేముందు వాడి వాచీ తీసి పైవాడి కుడిచేతికి పెడతాడు. పైవాడి వాచీ ఎడంచేతికి ఉంటుంది. రెండూ చూసుకుంటూ ఉండాలి, ఒకటి ఆగిపోయినా రెండోది చెప్తుంది. నిమిషాల ముల్లు పన్నెండు దగ్గరున్నప్పుడు దింపుతాం. చుక్క దగ్గరికి రాగానే తాడు లాగాలి, అంతకంటే ఉంచకూడదు. అందుకే చుక్క."

నా చెయ్యి దానంతటదే కాలరు వదిలేసింది. నాలుగంటే ఇరవై నిమిషాలు. నేను దరిద్రప్పనన్న చుక్క అదీ.

"లాగావా?" అంది ఆవిడ.

"చుక్క దగ్గరికి రాగానే లాగాను. తేలిగ్గా వచ్చేసింది. తాడు ఏ రాతికో పట్టేస్తే విప్పుకుని మళ్ళీ కట్టుకుంటాం, అప్పుడప్పుడు చేస్తాం అలా. విప్పుకున్నాడు. మళ్ళీ కట్టుకోలేకపోయాడు. నేను దూకాను. రెండుసార్లు దిగాను. మిగిలింది నీకు తెలుసు."

"వాచీ నీ దగ్గరుందని ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు గట్టు మీద కూర్చుని, 'వాచీ చేతికే ఉంది కదా, టైం చూసుకుని వచ్చేస్తాడు' అన్నావు. అప్పుడు జేబులోంచి తీసి నీ చేతిలో ఎలా పెట్టనమ్మా? పెడితే వాడు పోయాడని నేను చెప్పినట్టే కదా. రేపిద్దాం, ఎల్లుండిద్దాం అనుకున్నాను. ఆదివారం కూడికన్నారు. దాన్ని ఇంట్లో పెట్టుకుని ఆ కూడికకి రాలేను. నీకివ్వనూ లేను. బ్రోకరు కనపడితే ఇచ్చేశాను."

నా చేతిలో ఫోన్ మోగింది. సారు. వాచీ ఇంకా పంపలేదేంటని అడగడానికే అయ్యుంటుంది. కట్ చేశా. మళ్ళీ మోగితే మళ్ళీ కట్ చేశా. ఉద్యోగం ఆ కట్‌తోనే పోయింది, అది పెద్ద సంగతేం కాదు. డ్రాయరు తీసి వాచీ ఆవిడ ముందు పెట్టా. ఆ పొద్దున్నే చేత్తో తిప్పి చూశా కాబట్టి లోపల ముల్లు తిరుగుతూనే ఉంది.

డయల్ చదవడం వచ్చంటే అంతా వచ్చినట్టేననుకునేవాణ్ణి తమ్ముళ్ళూ. ఆ వారమంతా నేను చదివింది ఒక్క అక్షరం కూడా తప్పు కాదు. ఆవిడ వాచీయేనన్నా, నిజం. ఆయనది రెండు లైన్లది, ఇతనిది నాలుగు లైన్లదన్నా, నిజం. మనుషుల గురించి అనుకున్నది మాత్రం మొదట్నుంచీ చివరిదాకా తప్పే. ఆవిడ దొంగ కాదు, ఇతను హంతకుడు కాదు. డయల్ గురించి ఒప్పు, మనిషి గురించి తప్పు, రెండూ ఒకేసారి కావచ్చని సారు నేర్పలేదు.

ఆవిడ వాచీని చేతిలోకి తీసుకుంది. చెవి దగ్గర పెట్టుకుంది.

"మూడేళ్ళూ పెట్టుకు తిరిగావా దీన్ని?"

"పెట్టుకోలేదు. అది తాళం ఇచ్చేది కాదు, చెయ్యి కదిలితేనే నడిచేది. పెట్టెలో పెడితే ఆగిపోతుందని రోజూ పొద్దున్న, సాయంత్రం తీసి ఊపేవాణ్ణి."

"ఎందుకు?"

మాస్టారు పట్టకారు కింద పెట్టి, లేచి, ఏదో పనున్నట్టు వెనక గదిలోకి వెళ్ళిపోయాడు.

"ఇంక ఊపకు" అంది ఆవిడ.

వాచీని లేసుముక్కలో చుట్టి సంచిలో పెట్టుకుంది. తల్లో కనకాంబరాలు తీసి, ఎక్కడ పెట్టాలో తెలీక కాసేపు పట్టుకుని, చివరికి నా బల్ల మీద పెట్టింది. నా వైపు చూడలేదు. మెట్లు దిగి, అతను ఇంకా అక్కడే నిలబడి ఉండటం చూసి వెనక్కి తిరిగింది.

"ఆదివారం పొద్దున్నే రా అన్నయ్యా. కుర్చీలు దింపించాలి. ఇంట్లో మగమనిషి లేడు."